పాట ఎవరిది, ప్రోగ్రాము ఎవరిది?

1948లో మద్రాసులో టి.కె. షణ్ముగం సోదరులకు ఒక లాయరు నోటీసు వచ్చింది. వాళ్ళు తీసిన బిల్హణన్ సినిమాలో సుబ్రహ్మణ్య భారతి పాట ఒకటి వాడుకున్నారు. ఆ పాట మీద హక్కు తమదనీ, అడగకుండా వాడడం నేరమనీ నోటీసు. పంపింది భారతి కొడుకో మనవడో కాదు. ఎ.వి.ఎం. స్టూడియో అధిపతి ఎ.వి. మెయ్యప్పన్. భారతి చనిపోయి అప్పటికి 27 ఏళ్ళు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. స్వాతంత్ర్యం కోసం రాసిన పాట పాడాలంటే స్టూడియో యజమాని అనుమతి కావాలన్నమాట!

నేను పుదుచ్చేరిలో ఉంటున్నాను కాబట్టి ఈ కథ మీద నాకు ఆసక్తి. పొట్టకూటికి సాఫ్ట్‌వేరు రాస్తాను కాబట్టి ఇంకో రకం ఆసక్తి. మన దేశ చట్టంలో ఈ రెండూ ఒకే గూట్లో ఉన్నాయని చాలామందికి తెలియదు. 1957 కాపీరైటు చట్టాన్ని 1984లో సవరించినప్పుడు "సాహిత్య కృతి" అన్న మాట నిర్వచనంలో కంప్యూటరు ప్రోగ్రాముని కూడా చేర్చారు. చట్టం కళ్ళకి భారతి రాసిన కుయిల్ పాట్టూ, మీరు రాత్రి రెండింటిదాకా కూర్చుని ఎవరిదో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి పంపిన నలభై లైన్ల కోడూ ఒకే జాతి. కాబట్టి పాటకి జరిగిందంతా కోడుకీ జరగవచ్చు. జరిగింది కూడా. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు భారతి. 1908లో ఇండియా పత్రిక మీద బ్రిటిషు ప్రభుత్వం విరుచుకుపడ్డప్పుడు ఆయన ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరికి వచ్చేశాడు. రాతలు భారతివే అయినా, కాగితాల మీద బాధ్యుడిగా ఉన్నది ఎం. శ్రీనివాసన్ అనే ఆయన. జైలుకి పోయింది ఆయనే. (కాగితం మీద ఎవరి పేరుందన్నది చిన్న విషయం కాదని అప్పుడే తేలింది.) భారతి ఇక్కడ పదేళ్ళున్నాడు. పాంచాలి శపథం, కణ్ణన్ పాట్టు, కుయిల్ పాట్టు ఇక్కడి రచనలే. ఈశ్వరన్ ధర్మరాజా కోయిల్ వీధిలో ఆయన ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. 1918 నవంబరులో సరిహద్దు దాటగానే కడలూరులో అరెస్టు చేశారు, కొద్ది వారాలకి వదిలేశారు. 1920లో తన రచనలన్నీ 40 పుస్తకాలుగా అచ్చువేయాలని ఒక పథకం వేసి, డబ్బు సాయం చేయమని ఊరూరా ఉత్తరాలు రాశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1921 సెప్టెంబరులో మద్రాసు ట్రిప్లికేన్‌లో చనిపోయాడు. 38 ఏళ్ళు.

ఇక్కడినించి మనకి కావలసిన చరిత్ర మొదలు. చేతిలో చిల్లిగవ్వ లేని భార్య చెల్లమ్మ మొదట తనే పుస్తకాలు వేసే ప్రయత్నం చేసింది. తర్వాత భారతి సవతి తమ్ముడు సి. విశ్వనాథన్, మరికొందరు కలిసి భారతి ప్రచురాలయం పెట్టారు. కాలక్రమంలో పుస్తక ప్రచురణ హక్కు విశ్వనాథన్ చేతికి చేరింది. పాటల్ని గ్రామఫోను రికార్డులుగా వెయ్యడానికీ, రేడియోలో వినిపించడానికీ ఉన్న హక్కు వేరేగా, నగల వ్యాపారం చేసుకునే జేసింగలాల్ మెహతా అనే ఆయనకి అమ్ముడుపోయింది. ఆయన దగ్గర్నించి 1940లలో సుమారు పదివేల రూపాయలకి మెయ్యప్పన్ కొన్నారు. కొన్నాక 1947లో నామ్ ఇరువర్ సినిమాలో డి.కె. పట్టమ్మాళ్ చేత భారతి పాటలు పాడించారు, సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ఆ మరుసటి ఏడాదే షణ్ముగం సోదరులకి నోటీసు.

ఇందులో ఎవరినీ దొంగ అనడానికి లేదు, అది గమనించండి. చెల్లమ్మకి డబ్బు అవసరం. విశ్వనాథన్ అన్నగారి పుస్తకాల్ని ఏళ్ళ తరబడి అచ్చువేస్తూ వచ్చాడు. 1928లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాల్ని జప్తు చేసినా వదిలిపెట్టలేదు. నగల వ్యాపారి డబ్బు పెట్టి కొన్నాడు. మెయ్యప్పన్ ఆయన దగ్గర డబ్బు పెట్టి కొన్నాడు. ప్రతి కాగితమూ సక్రమమే. కాగితాలన్నీ సక్రమంగా ఉండి కూడా చివరికి ఆ పాటలు జనానికి అందకుండా పోయే స్థితి వచ్చింది. మనవాళ్ళు, అంటే మన హేతువాదులం, ఎక్కడ అన్యాయం కనపడినా దాని వెనక ఒక దుర్మార్గుడి కోసం వెతుకుతాం. ఇక్కడ దుర్మార్గుడు దొరకడు. రాసినవాడి చేతిలోంచి హక్కు ఒకసారి వెళ్ళిపోయాక, అది ఎన్ని చేతులు మారుతుందో, చివరి చేయి ఎవరిదో ముందుగా ఎవరూ చెప్పలేరు, అంతే.

నోటీసు తర్వాత గొడవ పెద్దదైంది. పత్రికా రచయిత నారణ దురైకణ్ణన్ తదితరులు భారతి విడుదల సంఘం పెట్టారు. చెల్లమ్మని కలిసి ఆమె సమ్మతి తీసుకున్నారు. అప్పటి మద్రాసు ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పుడలాగే అనేవారు) ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వం 1949లో హక్కులన్నీ తీసుకుంది. విశ్వనాథన్‌కి 15,000 రూపాయలు, చెల్లమ్మకీ ఇద్దరు కూతుళ్ళకీ తలా 5,000 ఇచ్చారు. మెయ్యప్పన్ డబ్బు తీసుకోకుండా వదులుకున్నారు. 1950ల మధ్యకొచ్చేసరికి ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, పాడుకోవచ్చు అయింది. ఒక రచయిత కాపీరైటుని ప్రభుత్వం కొని ప్రజలకి వదిలేయడం మన దేశంలో అదే మొదటిసారి. ఆ రోజుల్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. అంటే ఆ ముప్పై వేలల్లో మన తాతల పన్నులు కూడా కొన్ని ఉన్నట్టే.

తర్వాత అది తమిళనాడులో ఆనవాయితీ అయింది. ఇప్పటికి వందకి పైగా రచయితల రచనల్ని ప్రభుత్వం కుటుంబాలకి డబ్బిచ్చి తీసుకుంది. పుదుచ్చేరి కవి, నాస్తికుడు, పెరియార్ అనుయాయి భారతిదాసన్ రచనల్ని 1990లో అలాగే తీసుకున్నారు.

ఇదే ఊళ్ళో ఇంకో దారి కూడా ఉంది. అరవిందుడు 1910 ఏప్రిల్ 4న ఇక్కడికి వచ్చాడు, 1950 డిసెంబరు 5న చనిపోయాడు. ఆయన రచనల హక్కు ఆశ్రమం చేతిలో ఉండేది. 1955లో ఏర్పడిన ట్రస్టు చూసుకునేది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాదినించి 60 ఏళ్ళు లెక్క. (మొదట్లో 50 ఏళ్ళే. టాగూరు హక్కులు 1991తో ముగుస్తున్నాయని 1992లో 60 చేశారు. ఒక్క విశ్వభారతి కోసం దేశంలోని రచయితలందరికీ పదేళ్ళు పొడిగింపు!) కాబట్టి అరవిందుడి రాతలు 2010 డిసెంబరు 31 దాకా ట్రస్టువి, 2011 జనవరి 1నించి అందరివీ. మదర్ 1973లో పోయారు కాబట్టి ఆమెవి 2033 చివరిదాకా. అరవిందుడి బోధల మీద నాకున్న అభిప్రాయం ఇక్కడ అనవసరం. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఒకే చేతిలో హక్కు ఉండడం వల్ల పాఠం చెదరలేదు, సంపుటాలు పద్ధతిగా వచ్చాయి. దానికి ఇంకో వైపు కూడా ఉంది. అరవై ఏళ్ళపాటు ఎవరు ఎంత అనువదించవచ్చో, ఎంత ఉటంకించవచ్చో నిర్ణయించే అధికారం ఆ ఒక్క చేతిలోనే ఉండిపోయింది.

ఇప్పుడు కోడు దగ్గరికి వద్దాం.

హక్కు విషయంలో రెండు రకాల ఒప్పందాలుంటాయి. పల్లెటూరి వాళ్ళకి చెప్పక్కర్లేదు, పొలం విషయంలో రోజూ చూసేదే. ఒకటి క్రయం. రాసిచ్చేశాక పొలం మీది కాదు. ఇంకొకటి కౌలు. పొలం మీదే, దున్నుకునే అనుమతి వాళ్ళది. కాపీరైటు రాసివ్వడం క్రయం లాంటిది. లైసెన్సు ఇవ్వడం కౌలు లాంటిది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి మీరు కోడు పంపినప్పుడు మామూలుగా జరిగేది రెండోది. హక్కు మీదగ్గరే ఉంటుంది, ప్రాజెక్టు ఏ లైసెన్సు కింద ఉందో ఆ లైసెన్సు కింద మీ ముక్కని అందరికీ ఇస్తారు. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళు చేసేది కూడా ఇదే. వ్యాసం రాసినవాడిదే. 2009 జూన్ దాకా జి.ఎఫ్.డి.ఎల్. కింద, ఆ తర్వాత క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద లోకానికి అనుమతి.

కానీ కొన్ని ప్రాజెక్టులు క్రయపత్రం అడుగుతాయి. దీనికి ఆద్యుడు ఎవరో వ్యాపారి అనుకుంటున్నారేమో, కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమానికి పెద్దదిక్కు రిచర్డ్ స్టాల్మన్. 1985లో పెట్టిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఈమాక్స్, జి.సి.సి. లాంటి ప్రోగ్రాములకి కోడు ఇచ్చేవారందరి దగ్గరా హక్కులు రాయించుకుంది. ఉద్యోగస్తులైతే వాళ్ళ యజమాని దగ్గర్నించి కూడా "మాకు దీనితో సంబంధం లేదు" అని కాగితం తెమ్మంది. కారణం సబబైనదే. ఎవరైనా జి.పి.ఎల్. లైసెన్సుని ఉల్లంఘిస్తే కోర్టుకి వెళ్ళడానికి హక్కుదారు ఒక్కరే ఉంటే తేలిక, వెయ్యిమంది ఉంటే కష్టం. ఆ కాగితంలో ఫౌండేషన్ కూడా రెండు మాటలు ఇస్తుంది. మీ కోడుని ఎప్పటికీ స్వేచ్ఛగానే పంచుతాం అన్నది ఒకటి. మీ కోడుని మీరు మీ ఇష్టం వచ్చినట్టు వాడుకునే అనుమతి తిరిగి మీకే ఇస్తున్నాం అన్నది రెండోది. క్రయమే అయినా కొన్నవాడు కూడా కట్టుబడ్డ క్రయం. మెయ్యప్పన్‌కి అమ్మిన కాగితంలో ఇలాంటి వాక్యం ఒక్కటి ఉండుంటే షణ్ముగం సోదరులకి నోటీసు వచ్చేదా?

అయినా ఆ పద్ధతికీ ఖరీదు ఉంది. 1990లలో ఈమాక్స్ రెండుగా చీలిపోయి, ఎక్స్-ఈమాక్స్ వేరే కాపురం పెట్టింది. ఆ రెంటినీ మళ్ళీ కలపలేకపోవడానికి కారణాల్లో ఈ కాగితాలు కూడా ఒకటి, అందరి సంతకాలూ దొరకలేదు. చివరికి 2021 జూన్‌లో జి.సి.సి. వాళ్ళు, ఆగస్టులో జి-లిబ్‌సి వాళ్ళు, రాసివ్వడం తప్పనిసరి కాదు పొమ్మన్నారు.

లినక్సు దారి వేరు. 2003లో ఎస్.సి.ఓ. అనే కంపెనీ ఐ.బి.ఎం. మీద దావా వేసి, లినక్సులో తమ కోడు దొంగిలించి పెట్టారంది. ఏ లైను ఎవరు ఇచ్చారో చూపించాల్సిన అవసరం అప్పుడు పడింది. 2004 నుంచి ప్రతి ముక్కతో పాటు పంపినవాడు ఒక వాక్యం జతచేయాలి. ఇది ఇచ్చే హక్కు నాకుంది, ఈ లైసెన్సు కింద ఇస్తున్నాను అని. అంతే, రాసిచ్చేది ఏమీ లేదు. ఫలితంగా లినక్సు హక్కుదారులు వేలల్లో ఉన్నారు. వాళ్ళందర్నీ ఒప్పించి లైసెన్సు మార్చడం టోర్వాల్డ్స్ వల్ల కూడా కాదు. కొందరు దీన్ని లోపం అంటారు. నాకైతే అదే దాని కోటగోడ. వేలమంది హక్కుదారుల్ని ఏ స్టూడియో యజమానీ కొనలేడు. అవసరానికి గోడ దిగడమూ కష్టమే అనుకోండి. వి.ఎల్.సి. ప్లేయరు వాళ్ళు 2011, 2012లలో లైసెన్సు మార్చుకోవడానికి ఎప్పుడో కోడిచ్చి వెళ్ళిపోయినవాళ్ళని వందల్లో వెతికి పట్టుకుని ఒక్కొక్కరి ఒప్పుకోలు తీసుకోవాల్సి వచ్చింది.

ఇక కంపెనీలు రాయించుకుంటే ఏమవుతుంది? మైసీక్వెల్ హక్కులన్నీ ఒక్క కంపెనీ దగ్గర ఉండేవి. 2008లో సన్ వంద కోట్ల డాలర్లకి కొన్నది. 2010లో సన్‌నే ఒరాకిల్ కొన్నది. దాని సృష్టికర్త విడెనియస్ తన కోడుకే నకలు తీసుకుని మరియాడీబీ మొదలుపెట్టుకోవాల్సి వచ్చింది. చెల్లమ్మ, విశ్వనాథన్, మెహతా, మెయ్యప్పన్ వరసే ఇది, సున్నాలు ఎక్కువ అంతే. తేడా ఒకటుంది. విడెనియస్‌కి నకలు తీసుకునే హక్కు జి.పి.ఎల్. వల్ల మిగిలింది. షణ్ముగానికి అది లేదు.

2023 ఆగస్టులో హ్యాషికార్ప్ తన టెరాఫార్మ్ లైసెన్సుని మార్చేసింది, కొత్తది ఓపెన్ సోర్స్ కాదు. కోడిచ్చిన బయటివాళ్ళని అడగలేదు. అడగక్కర్లేదు, ఎందుకంటే వాళ్ళంతా ముందే ఒక ఒప్పందం మీద సంతకం పెట్టి ఉన్నారు. అది క్రయం కూడా కాదు, లైసెన్సే. కాకపోతే "మీ ఇష్టమొచ్చినట్టు ఇంకొకరికి ఏ షరతుల మీదైనా ఇచ్చుకోండి" అనేంత వెడల్పయిన లైసెన్సు. కౌలు కాగితం అని చెప్పి అమ్ముకునే అధికారం కూడా రాయించుకున్నట్టు. కొన్ని వారాల్లోనే పాత కోడుతో ఓపెన్‌టోఫు పుట్టింది. ఇక బి.ఎస్.డి. లాంటి వదులు లైసెన్సులకి ఆ సంతకం కూడా అవసరం లేదు, 2024 మార్చిలో రెడిస్ మార్చినప్పుడు చూశాం. విమర్శలొచ్చాక 2025లో మళ్ళీ ఒక స్వేచ్ఛా లైసెన్సు కూడా చేర్చింది.

మా మేనకోడలు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్ళు ఒక తెలుగు అక్షరదోషాల దిద్దుబాటు ప్రోగ్రాముకి కోడు రాస్తోంది. మొన్న ఫోను చేసి, "మామయ్యా, వాళ్ళు ఏదో కాగితం పంపారు, నొక్కెయ్యనా?" అంది. చదివావా అంటే, అందరూ నొక్కుతున్నారుగా అంది. బాబాగారి విభూతి తీసుకునేవాడు కూడా అదే మాట చెబుతాడమ్మా అన్నాను. నవ్వింది, కానీ చదివింది.

చదివాక రెండు ప్రశ్నలు వేసింది. మొదటిది, "అసలు ఇది ఇవ్వడానికి నాదేనా?" మంచి ప్రశ్న. మన చట్టం 17వ సెక్షను ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని ఉద్యోగమిచ్చినవాడే. ఇంట్లో, సొంత కంప్యూటరు మీద, సంబంధం లేని పని చేస్తే అది ఉద్యోగిదే. కానీ చేరినరోజు సంతకం పెట్టిన కాగితంలో "ఉద్యోగకాలంలో రాసిన ప్రతిదీ కంపెనీదే" అని ఉంటే చిక్కు. నేను చేసిన ఒక కంపెనీలో అలాంటి వాక్యం 20వ పేజీ దాటాక ఉండేది. ఆ కంపెనీ పేరు అనవసరం, అన్నిచోట్లా ఉండేదే. అందుకని తను ముందు కంపెనీని అడిగి, అభ్యంతరం లేదని రాయించుకుంది.

రెండోది, "గడువు ఏమీ రాయలేదు, అంటే ఎప్పటికీనా?" ఇది ఇంకా తమాషా. మన 19వ సెక్షను ప్రకారం హక్కు రాసివ్వడం సంతకంతో లిఖితపూర్వకంగా ఉండాలి. ఏ కృతి, ఏ హక్కులు, ఎంతకాలం, ఎంత ప్రాంతం అన్నవి చెప్పాలి. కాలం చెప్పకపోతే ఐదేళ్ళే. ప్రాంతం చెప్పకపోతే మన దేశం వరకే. చట్టం ఇవే నియమాల్ని లైసెన్సులకి కూడా వర్తింపజేసింది. బొంబాయి, మద్రాసు సినిమా పరిశ్రమలో రచయితల్ని ఒక్క సంతకంతో జీవితాంతం కట్టేస్తున్నారని వచ్చిన నియమాల్లాంటివి ఇవి, ఎక్కడో అమెరికాలో తయారైన సాఫ్ట్‌వేరు కాగితానికి కూడా అడ్డం పడతాయి. జి.పి.ఎల్. మూడో కూర్పు రాసినవాళ్ళు కాపీరైటు ఉన్నంతకాలం అని స్పష్టంగా రాశారు. ఆ మాట లేని కాగితం మీద ఐదేళ్ళ వాదన ఎవరైనా లేవదీయవచ్చు.

లిఖితపూర్వకం అన్న మాట ఉత్తుత్తిది కాదని మన ఇంట్లోనే ఒక ఉదాహరణ ఉంది. పెరియార్ 1925లో మొదలుపెట్టిన కుడి అరసు పత్రికలోని రచనల్ని పెరియార్ ద్రావిడర్ కళగం సంపుటాలుగా వేయబోతే, ద్రావిడర్ కళగం వైపునించి పెరియార్ ఆత్మగౌరవ ప్రచార సంస్థ 2008లో మద్రాసు హైకోర్టుకి వెళ్ళింది. హక్కు మాది, అచ్చువేయనివ్వకండి అని. పెరియార్ శిష్యులు పెరియార్ శిష్యుల మీద! జస్టిస్ కె. చంద్రు 2009లో ఆ కోరికని తిరస్కరించారు. పెరియార్ ఆ రచనల హక్కుని సంస్థకి రాసిచ్చినట్టు కాగితం చూపలేకపోయారు. 2010లో అప్పీలు కూడా నిలవలేదు. జీవితమంతా గ్రంథాల మీద పెత్తనం ఎవరిదని అడిగినవాడి గ్రంథాల మీద పెత్తనం కోసం కోర్టుకెక్కడం నాకు నవ్వూ తెప్పించింది, బాధా కలిగించింది.

మన సంఘాల కరపత్రాలూ, పుస్తకాలూ, ఇప్పుడు తయారవుతున్న ఆప్‌లూ ఎవరివి అంటే మనలో ఎంతమందిమి కాగితం చూపించగలం? రాసిన కార్యకర్తవా, సంఘానివా, అచ్చుకి డబ్బు పెట్టినవాడివా? గాంధీ 1910లో హింద్ స్వరాజ్ ఇంగ్లీషు పుస్తకం మీద హక్కులేవీ ఉంచుకోలేదని ఒక్క ముక్క అచ్చువేయించి ఊరుకున్నాడు. ఆ మాత్రం చేయడానికి మనకి అడ్డమేమిటి?

మేనకోడలు చివరికి ఆ కాగితంలో ఒక వాక్యం కొట్టేసి, ఒక వాక్యం చేర్చమని రాసింది. కొట్టేసింది "ఏ షరతుల మీదైనా" అన్నది. చేర్చమన్నది, తన కోడుని వాళ్ళు పంచినంతకాలం ఒక స్వేచ్ఛా లైసెన్సు కింద కూడా పంచాలన్నది. ప్రాజెక్టు నడిపే కుర్రాడు తెలుగువాడే, బెంగుళూరులో ఉంటాడు. ఆ ఒప్పందం ఎక్కణ్ణించో కాపీ చేసి పెట్టాననీ, తను కూడా ఎప్పుడూ పూర్తిగా చదవలేదనీ జవాబిచ్చాడట. ఇప్పుడు చదువుతున్నాడు.